తేలుకు భయమేస్తోంది

గోడ కట్టడానికి తెచ్చిన ఇటుకలు పెరట్లో పేర్చిన దగ్గర్నుంచి అమ్మమ్మకు మనసు మనసులో లేదు. ఆ సందుల్లో ఏ పామో తేలో చేరకుండా ఉండదు. మనవలిద్దరూ చూస్తే, కంటబడిన ప్రతిదాన్నీ చేత్తో తడిమితే తప్ప ఊరుకోని వయసులో ఉన్నారు. అందుకే పాత మేజోడులో దూది కూరి ఒక పామును కుట్టింది. జడుసుకుంటారేమోనని దానికి మెరిసే గుండీలు కళ్లుగా పెట్టి, మూతికి ఎర్రదారంతో నవ్వు కూడా కుట్టింది. అక్కడే ఆమె పాఠం బెడిసికొట్టింది.

"ఇది కనిపిస్తే ఏం చెయ్యాలి?"

"ముద్దు పెట్టుకోవాలి!" అన్నాడు చిన్నోడు. అక్క దాన్ని లాక్కుని ఒళ్లో పడుకోబెట్టి జోకొట్టింది.

కూతురు వంటింట్లోంచి తొంగిచూసి పడీపడీ నవ్వింది. "బాగుందమ్మా నీ పాఠం! నిజం పాము వస్తే దుప్పటి కప్పుతారు."

"నవ్వకే, నా గుండెల్లో రాయి పడింది!"

అలాగని బెదరగొడితే చిన్నోడు నిద్రలో ఉలిక్కిపడతాడు. అమ్మమ్మ కాసేపు ఆలోచించి, పామును దిండు చాటుకు జరిపింది. "ష్! దీనికి మీరంటే హడలు. పాపం, నెట్టడానికి చేతుల్లేవు కదా? మీరు చెయ్యి చాపితే చంపేస్తారనుకుని కరుస్తుంది. కోరల్లో విషం ఉంటుంది, చాలా ప్రమాదం. కనిపిస్తే చేతులు వెనక్కి కట్టుకుని, మెల్లగా వెనక్కి జరిగి, పెద్దవాళ్లను పిలవాలి."

"తేలుక్కూడా భయమేనా?"

"దానికి మరీనూ. అదైతే తోకతో కుడుతుంది."

ఇక ఇల్లంతా అదే ఆట. తాతయ్య బెల్టు పాము, ఛార్జరు తీగ పాము. "నా బెల్టు దగ్గరికి నన్నే పోనివ్వరేమిటే!" అని తాతయ్య మొత్తుకున్నాడు.

ఆ ఆదివారం అమ్మమ్మ బట్టలారేస్తూ తల తిప్పేసరికి, పిల్లలిద్దరూ ఇటుకల మీదికి వంగి ఉన్నారు.

ఆమె కేకేసేలోపే పిల్లలు నిటారుగా లేచారు. చేతులు వెనక్కి కట్టుకున్నారు. వెనక్కి జరిగారు.

"నా కాలు తొక్కావురా!"

"అరవకే, దానికి భయం!" అని కసిరి, చిన్నోడు ఇటు తిరిగాడు. "అమ్మమ్మా! ఇక్కడ తేలుకు భయమేస్తోంది, త్వరగా రా!"

అమ్మమ్మ తడిబట్టలు వదిలేసి, చేతులు రెండూ చాపి పరుగున వచ్చింది.

"చేతులు!" అని గద్దించాడు వాడు.

ఆమె బుద్ధిగా చేతులు వెనక్కి పెట్టుకుంది. ముగ్గురూ వరసగా గుమ్మం దాకా వెనక్కి వెనక్కి నడిచారు.

"ఇదేం నడకే అమ్మా?" అంది గుమ్మంలోంచి కూతురు.

"నోర్మూసుకుని పట్టకారు, బకెట్టు పట్రా," అంది అమ్మమ్మ, నవ్వూ ఏడుపూ ఒకేసారి ముంచుకొస్తుంటే.