నల్లబండ మీద తడి గీత

అత్తగారికి మోకాళ్ళ నొప్పులు వస్తే కోడలు ఆస్పత్రికి తీసుకెళ్తుంది. బొమ్మల పిచ్చి పడితే ఎక్కడికి తీసుకెళ్ళాలి? ఈ కోడలు సముద్రానికి తీసుకొచ్చింది. అరవై దాటాక పెద్దావిడకు నీటిరంగుల మోజు పట్టింది. ఇంట్లో కూర్చుని పూలకుండీ వేసుకునే మోజైతే బాగానే ఉండును. ఎండలో, గాలిలో, సముద్రం ఎదుటే కూర్చుని వెయ్యాలట. గొడుగు పట్టడానికి మామగారు రెండుసార్లు వచ్చి, మూడోసారికి నడుంనొప్పి తెచ్చుకున్నారు. దాంతో ఆ గొడుగు కోడలి చేతికొచ్చింది.

ఆ వేళ ఇద్దరూ ఒడ్డుకు కాస్త ఎడంగా ఉన్న బండమీద కూర్చున్నారు. వచ్చేటప్పుడు దారంతా పొడి ఇసుకే. ఎదురుగా ఇంకో బండ, నల్లగా, ఎత్తుగా. అత్తగారు వేస్తున్నది దాన్నే.

"అత్తయ్యా, నీళ్ళు ఇటొస్తున్నట్టున్నాయి."

"వస్తాయి, పోతాయి. సముద్రమన్నాక ఊరికే కూర్చుంటుందా? పోటు అయిపోయింది, ఇది ఆటు. పోయిన వారం ఇదే టైముకి ఇసుకంతా బయటపడలా? గొడుగు సరిగ్గా పట్టు."

కోడలు వెనక్కి తిరిగి చూసింది. ఇసుకలో విడిచిన చెప్పుల్లో ఒకటి కనబడలేదు. రెండోది తేలుతోంది.

"నా చెప్పు పోయింది."

"కొత్తవి కొనిస్తాలే. ఈ పూత ఆరకముందే కదిలిస్తే నీలమంతా నురగలోకి దిగుతుంది. నురగ ఉన్నచోట కాగితాన్ని ముట్టుకోకుండా వదిలెయ్యాలి. తెల్లరంగు పూసి కప్పెట్టడం నా దగ్గర లేదు."

మోసుకుపోదామంటే మనిషి బరువు, ఒప్పిద్దామంటే మాట అంతకన్నా బరువు. ఏం చెయ్యాలో తోచక కోడలు కాగితంకేసి చూసింది. బొమ్మలో బండ పైభాగం పొడిగా బూడిదరంగు, కిందిభాగం తడిసి నిగనిగలాడే నలుపు. ఆ రెండింటికీ మధ్య గీత, గీతకు కింద బండకు అంటుకున్న గుల్లల గుత్తి. తలెత్తి అసలు బండను చూసింది. గుల్లలు లేవు. తడి గీత జానెడు పైకి పాకింది.

"అత్తయ్యా, కోప్పడకండి. మీరు బండ తప్పు వేశారు."

కుంచె ఆగింది. ఆ ఇంట్లో అత్తగారి వంటకు వంక పెట్టొచ్చు, ఆవిడ కొడుక్కి రోజూ పెట్టొచ్చు, బొమ్మకు మాత్రం వీల్లేదు.

"ఏమిటీ తప్పు?"

"తడి గీత మరీ కిందికి వేశారు. గుల్లలు వేశారు. అక్కడ గుల్లలేవీ?"

"కళ్ళు చూపించుకో. లేనిది నేను వెయ్యను!"

ఆవిడ తలెత్తి బండను చూసింది. కాగితాన్ని చూసింది. మళ్ళీ బండను చూసింది.

"ఇందాక ఉన్నాయే..." అంది, గొంతు తగ్గించి.

అంతలో అల వచ్చి కాళ్ళకింద బద్దలైంది. రంగుల డబ్బా, కుంచెలు, గొడుగు అన్నీ ఒక్కసారే పోయాయి.

దిగితే నీళ్ళు మోకాళ్ళదాకా, నాలుగడుగులు వేసేసరికి నడుందాకా. అత్తగారు ఒక చేత్తో కోడల్ని పట్టుకుని, రెండో చేత్తో బొమ్మ అట్టను తలమీదికి ఎత్తి నడుస్తోంది. కాలికింద ఇసుక జారిపోతోంది. వెనకనుంచి ఇంకో అల తోసింది. ఆవిడ మోకాలు మడతపడింది.

"రెండు చేతులూ ఇవ్వండి!"

"తడుస్తుందే!"

"వదలండి దాన్ని!"

కాపురానికొచ్చాక కోడలు అత్తగారి మీద అరవడం అదే మొదలు. అట్ట నీళ్ళలో పడింది. రెండు చేతులూ కోడలి మెడ చుట్టూ బిగిశాయి.

ఒడ్డున ఇద్దరూ కూలబడ్డారు. అట్ట దూరంగా బోర్లా తేలుతోంది. 'నేను చెప్పలా?' అన్న మాట కోడలి నాలిక చివరిదాకా వచ్చింది. ఉప్పునీళ్ళతో కలిపి మింగేసింది.

చాలాసేపు అత్తగారికి ఊపిరందలేదు. ఊపిరి అందాక కోడలి చెయ్యి వదలకుండానే అంది:

"బొమ్మ సరిగ్గానే వేశాను."

"వేశారత్తయ్యా."

"ఆటుపోట్ల వేళ రోజురోజుకీ మారుతుందని మరిచి, పోయిన వారం టైము పట్టుకుని వేళ్ళాడాను. నువ్వు చెబుతూనే ఉన్నావు, నేనే వినలేదు. నిన్ను కూడా ముంచేదాన్ని. తప్పు నాదే అమ్మాయ్."