డాల్ఫిన్ ఎన్నింటికొస్తది?

అమీర్‌పేట మెట్రో స్టేషన్ వెనక సందులో, మూడో అంతస్తులో మా కోచింగ్ సెంటర్. డాక్టరు సీటు కోసం పిల్లల్ని రుద్దే చోటు. అక్కడ మూడేళ్ళుగా నేను జువాలజీ చెబుతున్నాను. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషిని నేనే. మా బాపు ఎల్లేశం సిరిసిల్లలో మగ్గం వదిలేసి వచ్చి బోరబండలో జాకెట్లు కుడతాడు. మా అమ్మ కాంతవ్వకు రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి, ఆపరేషన్ చెయ్యాలన్నారు. మా సెంటర్లో పర్మనెంట్ అయినవాళ్ళ తల్లిదండ్రులకు కూడా హెల్త్ కార్డు ఇస్తారు. నాది కాంట్రాక్టు. కాబట్టి నాకు కావలసింది ఆ పర్మనెంట్ కాగితం ఒక్కటే.

కాగితం మీద సంతకం పెట్టాల్సింది ఓనర్ రాఘవేందర్ సార్. ఆయన ప్లాట్లు అమ్మి అమ్మి చదువులోకి వచ్చినవాడు. ప్లాటైనా సీటైనా ఆయనకు పద్ధతి ఒకటే: ముందు ఫ్లెక్సీ కట్టాలి, మిగతా సంగతి తర్వాత.

పక్క సందులోని సెంటర్ వాళ్ళు తమ పిల్లల్ని జూకు తీసుకెళ్ళారని తెలిసి మా సారు ఏకంగా సముద్రానికే టెండరు పెట్టాడు. కాకినాడలో బోటెక్కి, మడ అడవి పక్కగా సముద్రం దాకా పోయి, డాల్ఫిన్లను చూసి రావడం. పిల్లలకు తోడు తల్లిదండ్రులు కూడా. వారం ముందే పంజాగుట్టలో ఫ్లెక్సీ లేచింది: "డాల్ఫిన్లను కళ్ళారా చూసిన ఏకైక కోచింగ్ సెంటర్". ఇంకా రైలెక్కనే లేదు, చూసేశాం.

"మంజుశ్రీ, నువ్వే గైడు," అన్నాడు సారు. "డాల్ఫిన్ కనవడ్డదనుకో, సోమవారం పొద్దున నీ పర్మనెంట్ లెటర్ మీద సంతకం."

"కనవడకపోతే సార్?"

"కనవడకపోవుడేంది? ఫ్లెక్సీ కట్టినం గదా!"

బోటు దగ్గరికి ఉదయం ఏడింటికి చేరాం. మొత్తం ముప్పై ఎనిమిది మందిమి. మా సారు ఫోన్లో ఏదో వీడియో చూసి, రేవులోనే ప్రకటించేశాడు: "డాల్ఫిన్లు కుడి పక్కకే వస్తయి." అంతే. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి సీటు మీద దస్తీ వేసే జాతి మాది. బోటుకు అడుగు దూరంలో ఉండగానే గాల్లోంచి దస్తీలు, చున్నీలు, ఒక టోపీ, ఒక టిఫిన్ డబ్బా కుడివైపు బెంచీల మీద పడ్డాయి. పంజాగుట్ట కాంట్రాక్టరు రాజనర్సయ్య కండువా పరిచి నలుగురి జాగా పట్టాడు. వచ్చింది ఆయనా, కొడుకూ.

బోటు నడిపే సరంగు నెత్తి కొట్టుకున్నాడు.

"బాబూ, అందరూ ఒక పక్కకే చేరిపోకండి. బోటు ఒరిగిపోద్ది. సగం మంది ఇటు రండి."

"మేం దస్తీ ఏసినం భాయ్," అన్నాడు రాజనర్సయ్య, కోర్టు తీర్పు చదివినట్టు.

"దస్తీ ఏత్తే సముద్రం ఆగుద్దా అండీ?"

ఎవరూ కదలలేదు. చివరికి సరంగు నీళ్ళ క్యాన్లు, లైఫ్ జాకెట్ల మూటలు, అన్నం గిన్నెలు ఎడమవైపు సర్దించాడు. వాటితో పాటు నన్నూ. గిన్నెల లెక్కలో నేనూ ఒక బరువు. సారు మైకు నా చేతిలో పెట్టి, "కనవడంగనే అరువు, వీడియో తీసేటోడు రెడీగుంటడు," అని కుడివైపు వెళ్ళిపోయాడు.

మడ అడవి మొదలైంది. బురదలో రెక్కలతో పాకుతూ చెట్ల వేళ్ళ మీదికి ఎక్కే చేపలున్నాయి. నేను మైకులో చెప్పాను. పుస్తకంలో ఉన్న పాఠం కళ్ళ ముందు పాకుతోందని కూడా చెప్పాను. ఒక్క పిల్లవాడు తల తిప్పాడు. వాళ్ళమ్మ వాడి నోట్లో పులిహోర పెట్టి తల మళ్ళీ తిప్పేసింది. కాసేపటికి గట్టు మీద నీటికుక్కలు కనిపించాయి, ఇంగ్లీషులో ఆటర్లంటారే అవి, నాలుగు. జనం అడవుల్లో ఏళ్ళు తిరిగినా దొరకని దృశ్యం.

"అటు చూడండి, నీటికుక్కలు!"

"కుక్కలు మా గల్లీల సుత ఉన్నయి మేడం," అన్నాడు రాజనర్సయ్య. కుడివైపు బెంచీలన్నీ నవ్వాయి.

సోమాజిగూడ నుంచి కూతురితో వచ్చిన సుమశ్రీ గారు నల్లకళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి నన్ను పిలిచారు.

"మంజుశ్రీ, డాల్ఫిన్ ఎన్నింటికొస్తది?"

"టైము ఉండదు మేడం. దాని ఇష్టం."

"అంటే? మనం టికెట్ కొన్నం గదా. లంచ్ లోపటైతే బాగుంటుండె."

సముద్రంలోకి వచ్చాక కూడా నీళ్ళు గోధుమ రంగులోనే ఉన్నాయి. నది మట్టి అది. "నీలంగ లేదేంది, ఫొటోల మంచిగ రాదు," అని ఒకరు నన్నే నిలదీశారు, నేను కలిపినట్టు. గంట గడిచింది. విసుగొచ్చి సారు స్పీకరు బయటికి తీయించాడు. డీజే పాట మొదలైంది. కుడివైపు ముప్పై ఏడు మంది లేచి ఊగుతున్నారు. చిప్స్ ప్యాకెట్లు ఒక్కొక్కటే నీళ్ళలోకి దిగుతున్నాయి. రాజనర్సయ్య చేతులు పైకెత్తి ఆడుతుంటే, సారు నడుం మీద చెయ్యి వేసుకుని బోటు తనదే అన్నట్టు నిలబడ్డాడు. వీళ్ళ పిల్లలు రేపు డాక్టర్లు.

ఒక పాట ఆగి ఇంకోటి అందుకునే సందులో నా పక్కన ఊపిరి వినిపించింది. కుక్కర్ మూత కొంచెం ఎత్తితే వచ్చే చప్పుడు. ముప్పై అడుగుల దూరంలో, ఎడమ పక్కన, బూడిదరంగు వీపు పైకి లేచింది. మధ్యలో చిన్న మూపురం. దాని పక్కనే, పొట్టకు అంటుకున్నట్టు, చిన్నది ఇంకొకటి. పిల్ల. రెండూ మునిగాయి. మళ్ళీ లేచాయి. మూడేళ్ళుగా నేను బోర్డు మీద సుద్దముక్కతో గీస్తున్న జంతువు.

మైకు నా చేతిలోనే ఉంది. వేలు స్విచ్చి మీదే ఉంది. నొక్కితే చాలు, సోమవారం సంతకం.

నేను వెనక్కి తిరిగి చూశాను. తర్వాత ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికి మంచి కారణాలు దొరికాయి: అరిస్తే అందరూ ఇటు ఉరుకుతారు, బోటు ఒరుగుతుంది, ఇంజను పెట్టి తరమమంటారు, పిల్ల బెదురుతుంది. అవి నిజాలే. కానీ మొదట వచ్చిన ఆలోచన వాటిలోది కాదు. వీళ్ళకెందుకు? అన్నది మొదట వచ్చింది. ఇప్పుడు అబద్ధం ఎందుకు చెప్పాలి, అప్పుడు వచ్చింది అదొక్కటే.

సరంగు కూడా చూశాడు. నన్ను చూశాడు. ఇంజను శబ్దం తగ్గించాడు. నేను మైకు ఒళ్ళో పెట్టుకున్నాను. మూడోసారి అవి చాలా దూరంలో లేచాయి. ఆ తర్వాత కనిపించలేదు.

తిరుగు రైల్లో సారు నాతో మాట్లాడలేదు. కానీ ఆదివారం సాయంత్రానికే తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో డాల్ఫిన్లు కనబడటం మొదలైంది. సుమశ్రీ గారు రెండు చూశారు. రాజనర్సయ్య అయిదు చూశాడు, అందులో ఒకటి ఆయనకేసి ఎగిరిందట. చూడలేదని రాసినవాళ్ళు ఒక్కరూ లేరు. అంత దూరం పోయి ఉత్త చేతులతో వచ్చామంటే బంధువుల ముందు పరువేం కావాలి?

సోమవారం సారు పిలిచాడు. కంప్యూటర్లో వీడియో సిద్ధంగా ఉంది. ముందు మా బోటు, తర్వాత ఎక్కడిదో నీలం సముద్రం, అందులో సర్కస్‌లోలా ఎగురుతున్న డాల్ఫిన్లు. బల్ల మీద రెండు కాగితాలు. ఒకటి నా పర్మనెంట్ లెటర్. రెండోది నేను వీడియోకు చదవాల్సిన మాటలు: "మా విద్యార్థులతో కలిసి నేను కళ్ళారా చూసిన డాల్ఫిన్లు ఇవే..."

"నువ్వు లెక్చరర్‌వు, నీ గొంతైతే నమ్ముతరు. రెండు నిమిషాలు సదువు, గంతే. పెన్ను మూత సుత తీసి పెట్టిన చూడు."

ఆ పెన్ను వైపు చూశాను. అమ్మ గోడ పట్టుకుని బాత్రూముకు నడవడం గుర్తొచ్చింది. కాగితం చేతిలోకి తీసుకున్నాను కూడా. మొదటి వాక్యం దాకా వచ్చి మళ్ళీ బల్ల మీద పెట్టేశాను.

"సార్, నేను నిజంగనే చూసిన."

"బస్! గదే చెప్పు మరి."

"గియ్యి గావు సార్. వేరేవి. తల్లీ పిల్లా. ఎడమ పక్క."

సారు కుర్చీలో ముందుకు జరిగాడు. "ఎప్పుడు?"

"మీరు పాట పెట్టినప్పుడు."

"మైకు నీ చేతులనే ఉండె గదా! ఎందుకు చెప్పలే?"

"మీకు చూపియ్య బుద్ధి గాలే సార్."

ఆయన ముఖంలో కోపం కంటే ముందు ఒక అనుమానం కనిపించింది: తనలాంటివాడికి ఇవ్వబుద్ధి కానిది కూడా ఒకటి ఉంటుందా అని. తర్వాత పెన్నుకు మూత పెట్టాడు. నా లెటర్ను నాలుగు మడతలు పెట్టి డ్రాయర్లో వేశాడు. పక్క గదిలోంచి కెమిస్ట్రీ చెప్పే శ్రీలేఖను పిలిచాడు. శ్రీలేఖ కాకినాడ ముఖం చూడలేదు, ఆ రోజు సెలవు పెట్టి చెల్లెలి పెళ్ళిచూపులకు పోయింది. ఒక్కసారికే చదివేసింది. "కళ్ళారా" అన్న చోట గొంతు వణికించింది కూడా.

ఇంటికి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాను. బాపు మిషన్ ఆపి, "సదువుమన్నది సదివితే నోరు అరుగుతుండెనా?" అన్నాడు. జవాబు కోసం చూడకుండా మళ్ళీ తొక్కడం మొదలుపెట్టాడు.

అమ్మ కాళ్ళు చాపుకుని కూర్చుంది. నేను నూనె వెచ్చబెట్టి తెచ్చి మోకాళ్ళకు రాయడం మొదలుపెట్టాను. తల పైకెత్తలేకపోయాను. ఒక మోకాలు అయ్యేసరికి అమ్మే అడిగింది.

"ఇంతకు ఎట్లుండెనే అది?"

అప్పటిదాకా ఆ మాట నన్నెవరూ అడగలేదు.

"బర్రె చెరువుల మునిగితే వీపు కనవడ్తది జూడు, గట్ల. పక్కన దూడ."

"గంతేనా?"

"గంతే అమ్మా."

"అవ్వ! గంత దానికా మీ సారు ఊరంత ఫ్లెక్సీలు కట్టిండు?" అంది అమ్మ, రెండో మోకాలు నా వైపు జరుపుతూ. "జర గట్టిగ రాయి బిడ్డా."