ఆఖరి ఫారం లేని పుస్తకం

నేను ఒక హత్య కథను. హత్య నాలోనే జరిగింది. చేసినవాడు మాత్రం నాలో లేడు. నా ఆఖరి పదహారు పేజీలు ఎప్పుడో తెగిపోయాయి. అవి లేకపోవడం వల్ల ఒక మనిషి మంచివాడని తెలిసింది. కానీ అది తెలియడానికి పద్నాలుగేళ్ళు పట్టింది.

విజయవాడలో ఇరుకు సందులో ఉన్న ఒక ప్రెస్సులో పుట్టాను. ముతక కాగితం, చౌక సిరా. నా పేరు ‘ఊడిన గుండీ’. అట్ట మీద పిస్తోలు పట్టుకున్న మనిషి, అతని వెనక జుట్టు విరబోసుకుని అరుస్తున్న ఆడమనిషి. నా లోపల అలాంటి ఆడమనిషి ఎక్కడా లేదు. బొమ్మ వేసినాయన నన్ను చదవలేదు. నన్ను చదవకుండానే నా గురించి చెప్పడం అక్కడే మొదలైంది.

నాలో ఇద్దరు డిటెక్టివులు ఉన్నారు. ఒకడు మార్తాండ్. రోహిణీ కార్తెలో కూడా కోటు విప్పడు. కారు, పిస్తోలు, పైపు అన్నీ ఉన్నాయి. రెండోవాడు దానయ్య అనే ముసలి దర్జీ. అతను డిటెక్టివని ఎవరూ అనరు, అతనూ అనుకోడు. మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క, సూదిలో దారం ఎక్కించడానికి కూడా ఇంకొకరి కళ్ళు కావాలి. బట్టల వ్యాపారి ఒకడు చచ్చిపడి ఉంటే మార్తాండ్ అక్కడ ఉన్నవన్నీ జాగ్రత్తగా రాసుకుంటాడు. దానయ్య గుమ్మంలో నిలబడి ఒక్కమాట అంటాడు: “ఉన్నది అందరికీ కనబడుద్ది బాబూ. లేనిది చూడాల.”

నేను చిలకలూరిపేట బస్టాండు వెనక ఖాసిం సాయిబు అద్దె పుస్తకాల కొట్టుకు చేరాను. చేరిన రోజే సాయిబు నన్ను ఒళ్ళో పెట్టుకుని, చర్మకారుల దగ్గర కొన్న కత్తితో నా ఆఖరి ఫారం, అంటే చివరి పదహారు పేజీల మడత, కోసేశాడు. నా ఒక్కదానికే కాదు, కొట్టులోని ప్రతి డిటెక్టివ్ పుస్తకానికీ అదే శాస్తి. పుస్తకాలు తీసుకెళ్ళి తిరిగి ఇవ్వని పెద్దమనుషులతో విసిగిపోయి ఆయన కనిపెట్టిన ఉపాయం అది. కోసిన ఫారాలను పురికొసతో కట్టి వరసగా మేకులకు తగిలించేవాడు. కథ ఇంటికి పట్టుకెళ్ళొచ్చు. హంతకుణ్ణి చూడాలంటే పుస్తకం తెచ్చి ఇచ్చి, అక్కడే నిలబడి ఆ ఫారం చదువుకుని పోవాలి. బ్యాంకు ఆఫీసరూ రిక్షా తొక్కే మనిషీ పక్కపక్కన నిలబడి గుటకలు మింగుతూ చదవడం ఆ కొట్టులోనే చూశాను. నా అట్ట లోపలి వైపు సాయిబు ఒక చీటీ అంటించాడు. తీసుకెళ్ళినవాడి పేరూ తారీఖూ పెన్సిలుతో రాసేవాడు. తిరిగివస్తే ఎర్ర గీతతో కొట్టేసి, పక్కన ఆ రోజు తారీఖు వేసేవాడు.

నన్ను అద్దెకు తీసుకెళ్ళిన కోటిలింగం పత్తి జిన్నింగు మిల్లులో వాచ్‌మన్. ఐదో తరగతితో బడి మానేసినా పుస్తకాల మీద ఆశ మానలేదు. భార్య నాంచారమ్మకు చదువు రాదు. ఆమె మిరపకాయలకు తొడిమలు తుంచే కూలి చేసేది. బుట్టలు ఇంటికి తెచ్చుకుని గుమ్మంలో కూర్చుని తుంచుతుంటే, అతను డ్యూటీ దిగి వచ్చి, ఘాటుకు తుమ్ముతూ పైకి చదివేవాడు. అలా నన్ను నాలుగు సాయంత్రాలు చదివాడు. అతనికి మార్తాండ్ అంటే ప్రాణం. ఆమెకు దర్జీ మీద గురి.

“పిస్తోలు లేనోడు హంతకుణ్ణి ఏం పడతాడే నాంచారీ? టేపు పెట్టి కొలుస్తాడా?”

“కొలుస్తాడయ్యా, నీకేం తెలుసు. ఆ డాక్టరు చొక్కా గుండీ ఒకటి వేరే దారంతో కుట్టుంది చూడు. ఆయనే చంపాడు.”

“డాక్టరా! వ్యాపారంలో భాగస్తుడు ఉండగా డాక్టరెందుకు చంపుతాడు?”

పందెం వేసుకున్నారు. ఓడినవాళ్ళు ఒక బుట్ట మిరపకాయలకు తొడిమలు తుంచాలి. మిరపఘాటు పడని కోటిలింగానికి అది చిన్న శిక్ష కాదు. నాలో ఉన్న పేజీలన్నీ అయిపోయాయి. “ఆఖరు రేపు చెప్తాలే” అన్నాడు. ఫారం సంగతి ఆమెకు తెలియదు. ఇంకా కొంచెం మిగిలి ఉందేమో, డ్యూటీలో కూర్చుని చదువుకుంటాడు కాబోలు అనుకుంది.

మర్నాడు మే తొమ్మిది. పొద్దున్నే డ్యూటీకి పోతూ కొట్టు దగ్గర ఆగాడు. నన్ను బల్ల మీద పెట్టి, ఫారం అందుకుని, నిలబడి చదివాడు. సాయిబు నా చీటీ మీద అతని పేరు కొట్టేశాడు. అతను చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. నేను బల్ల మీదే ఉండిపోయాను.

మిట్టమధ్యాహ్నం మిల్లు అంటుకుంది. పత్తి కదా, బస్టాండు దాకా పొగ వచ్చింది. గింజలు తీసే జిన్ను మిషను దగ్గర పనిచేసే సలోమి అనే పదిహేడేళ్ళ పిల్ల లోపల చిక్కుకుంది. ఆమె కోసం లోపలికి పరుగెత్తిన కోటిలింగం కూడా బయటికి రాలేదు. మంట ఎలా పుట్టిందో నాకు తెలియదు. నేను అక్కడ లేను. నేను చెప్పగల సాక్ష్యం అదొక్కటే.

మర్నాడు మిల్లు గుమస్తా కొట్టు దగ్గరికి వచ్చాడు. కోటిలింగం ఆఖరున చదివిన పుస్తకం ఏదని అడిగి నన్ను తీసుకున్నాడు. సాయిబు అలవాటుగా చీటీ మీద రాశాడు. గుమస్తా దారిలో ఒక గోడ పక్కన ఆగి, బీడీ ముట్టించి, నిప్పు నా మూలకు ఆనించాడు. నాలో ఒక మనిషి హత్యే జరిగింది. నాకు నిజంగా నొప్పి తెలిసింది మాత్రం ఆ రోజే.

ఆ తర్వాత నేనొక సాక్షినయ్యాను. వాచ్‌మన్ బీడీ కాలుస్తూ పుస్తకంలో మునిగిపోయాడనీ, కథ ఆఖరి ఘట్టానికి వచ్చేసరికి మంట చూసుకోలేదనీ, పుస్తకం గేటు గదిలో దొరికిందనీ మేనేజరు మిల్లు గేటు ముందు నన్ను ఎత్తిపట్టి అందరికీ చెప్పాడు. విచారణకు వచ్చిన పెద్ద ఉద్యోగి నన్ను అటూ ఇటూ తిప్పి, కాలిన మూల చూసి తల పంకించాడు. నా అట్ట తెరవలేదు. ఆ గుంపులో చదువుకున్నవాళ్ళు పదిమందైనా ఉంటారు. ఒక్కరూ అట్ట తెరవలేదు. నాంచారమ్మ చేత ఒక కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు. అంత్యక్రియల ఖర్చుకని చెప్పారు. తన మొగుడికి పనిలో చదివే అలవాటూ, కాల్చే అలవాటూ ఉన్నాయని అందులో రాసి ఉందని తర్వాత తెలిసింది. నన్ను అతని టిఫిను క్యారియరుతో, కండువాతో కలిపి ఆమె చేతికి ఇచ్చారు.

సలోమి తల్లి మరియమ్మది పక్కిల్లే. ఇద్దరూ కలిసి మిరపకాయల పనికి పోయేవాళ్ళు. ఆ రోజు నుంచి మరియమ్మ ఆ గుమ్మం ముందు నుంచి పోయినప్పుడల్లా తుపుక్కున ఉమ్మేసేది. నాంచారమ్మ ఏమీ అనేది కాదు. ఎందుకంటే ఆమె కూడా నమ్మింది. ఆఖరు రేపు చెప్తానన్న మాట చెవిలో ఉందిగా మరి. పెత్తరమాసకు ఊరంతా తమ పెద్దలకు విస్తరి వేస్తే, ఆమె పద్నాలుగేళ్ళు మొగుడికి మెతుకు పెట్టలేదు. కథ కోసం పిల్లను కాల్చాడని ఆమె కోపం. ఒకసారి నన్ను తగలబెడదామని పొయ్యి దగ్గరికి తెచ్చింది. కాలిన మూల చూసి ఆగిపోయింది. నేరం చేసినవాడి గుర్తు మిగలాలనుకుందో ఏమో, పెట్టె అడుగున పడేసింది. అక్కడ నేనూ కండువా ఒకరి వాసన ఒకరం పీలుస్తూ ఉండిపోయాం.

తర్వాత ప్రభుత్వం పెద్దవాళ్ళకు అక్షరాలు నేర్పించే పని పెట్టుకుంది. వీధి అరుగు మీద సాయంత్రం బడి. మళ్ళీ వేలిముద్ర వేయకూడదనే ఆమె చేరింది. సంతకం వచ్చాక మానేస్తుందనుకున్నారు. మానలేదు. వాచకం అయిపోయాక నన్ను బయటికి తీసింది. తన ఇంటి మీదికి వచ్చిన పుస్తకంలో అంత ఏముందో చూడాలనుకుంది.

చాలామంది నన్ను ఒక పూటలో మింగేశారు. ఆమెకు ఏడు నెలలు పట్టింది. వేలు పెట్టి, ఒత్తుల దగ్గర ఆగి, మళ్ళీ వెనక్కి పోయి చదివేది. దానయ్య మాటలు వచ్చినప్పుడు మొగుడి గొంతు గుర్తొచ్చేదేమో, వేలు అక్కడే ఉండిపోయేది. చివరికి దానయ్య అందరినీ కొట్టుముందు కూర్చోబెట్టి, “ఇప్పుడు ఒక్కొక్కరే లేచి మీ చొక్కాలు” అనేదాకా వచ్చింది. పేజీ తిప్పింది. వెనక అట్ట వచ్చింది. మళ్ళీ తిప్పింది. వేలితో కుట్టు దగ్గర తడిమింది. కత్తి కోత తిన్నగా తగిలింది.

కోత మీద వేలు ఇంకోసారి పైనుంచి కిందికి జరిపింది. ఆ తర్వాత మెల్లగా, ఎవరితోనో అన్నట్టు అంది: “ఆఖరే లేని పుస్తకంలో ఆఖరెట్టా చదివాడు?”

ఖాసిం సాయిబు బాగా ముసలివాడయ్యాడు. కొట్టులో ఇప్పుడు సగం లాటరీ టిక్కెట్లు. నన్ను చూడగానే గుర్తుపట్టాడు. ఫారాల సంగతంతా చెప్పాడు. ఆమె నా ముందు అట్ట తెరిచి చీటీ మీద వేలు పెట్టింది. అచ్చు అలవాటైన కళ్ళకు చేతిరాత లొంగడం లేదు. “కో... టి... లిం...” దాని మీద ఎర్ర గీత. పక్కన తొమ్మిదో తారీఖు. కింది గీతలో “మి... ల్లు... గు... మ... స్తా.” పదో తారీఖు. దాని మీద గీత లేదు.

“చచ్చినోడి చేతిలోకి తెల్లారి పుస్తకం ఎట్టా వచ్చింది సాయిబు గారూ?”

సాయిబు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. “మిల్లోళ్ళతో నాకెందుకని ఊరుకున్నానమ్మా. ఎవరన్నా అడిగితే చెప్దామనుకున్నా. ఎవరూ అడగలా.”

ఆమె నా ఆఖరి ఫారం ఏదని అడిగింది. ఆ మేకుల గోడను ఎప్పుడో చెదలు తినేశాయట. కానీ ఆ పొద్దున కోటిలింగం చదివి ఏమన్నాడో ఆయనకు గుర్తుంది. “డాక్టరే చంపాడంట సాయిబూ, మా ఇంటిది గెలిచింది, సాయంత్రం నా కళ్ళు పోతాయి” అని నవ్వుకుంటా పోయాడట.

నాంచారమ్మ నన్ను కొంగులో చుట్టుకుని నడిచింది. మిల్లున్న చోట ఇప్పుడు కల్యాణమండపం ఉంది. మేనేజరు పోయాడు. గుమస్తా ఎక్కడున్నాడో తెలియదు. నాలోని దానయ్యకు అందరూ కొట్టుముందు కూర్చుని దొరికారు. ఈమెకు ఒక్కరూ దొరకలేదు. మిగిలింది ఒక్క మరియమ్మ. తిన్నగా ఆ ఇంటికే పోయింది. పద్నాలుగేళ్ళ తర్వాత ఆ గుమ్మం తొక్కడం అదే.

మరియమ్మ నులకమంచం మీద కూర్చుని ఉంది. నాంచారమ్మ వేలు పెట్టి చీటీ మొత్తం చదివి వినిపించింది, కోటిలింగం పేరు రెండుసార్లు. మరియమ్మ నన్ను చేతిలోకి తీసుకుని తలకిందులుగా పట్టుకుని చూసింది.

“నాకు చదువు రాదుగా వదినా,” అంది చివరికి. “ఆనాడు వాళ్ళూ ఇట్టాగే చదివి చెప్పారు. నువ్వూ నమ్మావు, నేనూ నమ్మాను. ఇప్పుడు నువ్వు చదివింది నమ్మమంటే ఎట్టా నమ్మేది?”

  నాంచారమ్మ నన్ను తీసుకుని లేచింది. పద్నాలుగేళ్ళ తర్వాత మరియమ్మ నోట ‘వదినా’ అన్న పిలుపు వచ్చిన సంగతి ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

ఆ ఏడు పెత్తరమాసకు ఆమె మొదటిసారి మొగుడికి విస్తరి వేసింది. కొత్త పంచె, గారెలు, అతనికిష్టమైన పప్పుచారు. విస్తరి పక్కన నన్ను పెట్టింది. మరియమ్మ రాలేదు. వీధిలో నుంచి పోతూ గుమ్మం ముందు ఒక్క క్షణం ఆగింది, ఉమ్మలేదు, పోయింది. నమ్మిందో లేదో నేను చెప్పలేను. నాలో లేనిది నేనెలా చెప్పను?

విస్తరికి అవతలి వైపు నాంచారమ్మ ఒక బుట్ట నిండా మిరపకాయలు పెట్టింది. తన బుట్ట తాను తుంచుకుంటూ కూర్చుంది. పొద్దు వాలేదాకా ఆ రెండో బుట్ట అలాగే ఉంది. ఎవరూ తుమ్మలేదు. తర్వాత దాన్ని తన వైపు లాక్కుని, ఓడినవాడి వంతు కూడా ఆమే తుంచింది.