తీసేసిన పదకొండు లైన్లు

బంగాళాదుంపల కోల్డ్ స్టోరేజిలో గదుల చలిని నిమిషానికోసారి చూసే ప్రోగ్రాం ఒకటుంది. ఆరు డిగ్రీలు దాటిందా, మావగారి ఫోను మోగుతుంది. అది రాయడానికి చిన్నల్లుడికి మూడు నెలలు పట్టింది. తనే రాశానని మావగారికి చెప్పుకోవడానికి పెద్దల్లుడికి ఒక్క పూట చాలింది.

"కొత్త స్టోరేజి పెత్తనం మా బావకేనట," అంది భార్య అన్నం వడ్డిస్తూ. "మీకంత తెలివెక్కడిదని నాన్న నా మొహం మీదే అన్నాడు."

చిన్నల్లుడు కంచంలో వేళ్ళు ఎండిపోయేదాకా కూర్చున్నాడు. మాట పైకి రాని మనిషికి పగ లోపల్లోపలే ఊరుతుంది.

మర్నాడు ఆఫీసులో ప్రోగ్రాం తెరిచి చూస్తే పైన తన పేరు లేదు. కింద మరో పదకొండు లైన్లూ లేవు.

"అవెందుకు తీశావన్నయ్యా?"

"ఏవి, ఆ పుట్టడాలూ చావడాలా? మొదలెట్టగానే మాయమైపోతోంది తమ్ముడూ. మావయ్యకి ఏం చూపించను, గోడనా? ఇప్పుడు చూడు, అంకెలు ఎలా పరిగెడుతున్నాయో."

చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. పేరు చెరిపేసిన చోటు చూశాడు. మింగేశాడు.

"బాగున్నాయి," అన్నాడు.

మధ్యాహ్నం మావగారు వచ్చారు. స్క్రీను మీద అంకెలు చూసి మురిసిపోయి, జేబులోంచి కొత్త స్టోరేజి తాళాలు తీశారు.

"ఒక్క పరీక్ష పెట్టి ఇవ్వండి మావయ్యగారూ," అన్నాడు చిన్నల్లుడు. "అన్నయ్య పనికి భయమేముంది? స్క్రీను మీది ఈ విండో మూసేసి, ఖాళీగా ఉన్న మూడో గది తలుపు తెరిచి నిలబడదాం. ఫోను మోగాలి కదా."

"మహారాజులా," అని పెద్దల్లుడే విండో మూశాడు. ప్రోగ్రాం పీక నొక్కింది అతని వేలే.

ముగ్గురూ మూడో గది ముందు నిలబడ్డారు. గోడ మీది డిగ్రీల మీటరులో ఐదు, ఏడు, తొమ్మిది. మావగారి అరచేతిలో ఫోను రాయిలా పడుంది. అంత చలిలోనూ పెద్దల్లుడి నుదురు తడిసింది.

"సిగ్నల్ లేదేమో."

అప్పుడే ఫోను మోగింది. పెద్దల్లుడి మొహంలోకి ప్రాణం వచ్చింది. ఫోను చేసింది అత్తగారు, భోజనానికి ఎప్పుడొస్తారని.

"సిగ్నలుందిగా అల్లుడూ," అన్నారు మావగారు. "మరి ఎందుకు మోగలేదు?"

పెద్దల్లుడు తేలు కుట్టిన దొంగలా మీటరు వైపు మొహం తిప్పుకున్నాడు. మావగారు చిన్నల్లుడి వైపు తిరిగారు. "నీకు తెలుసా?"

"విండోలో పుట్టిన ప్రోగ్రాం విండోతోనే పోతుందండీ. బతకాలంటే వేరు పడాలి. ముందు తన నకలునే కొడుకుగా కని తను పోతుంది. అనాథైన ఆ కొడుకుని మెషీన్లో అన్నిటికన్నా ముందు పుట్టిన ప్రోగ్రాం చేరదీస్తుంది. వాడు వేరు కాపురం పెట్టి, ఒకణ్ణి కని, తనూ పోతాడు. మిగిలిన మనవడు ఆ కాపురానికి యజమాని కాడు గనక ఏ విండోకీ మళ్ళీ చిక్కడు. ఎవరి ఫోల్డర్లోనూ తిష్ట వేయడు, స్క్రీనుతో మాటా పలుకూ పెట్టుకోడు. అంకెలు కనపడనిది అందుకే. అదంతా పదకొండు లైన్లు. ఎవరో అక్కర్లేదని తీసేశారు."

మావగారు గది తలుపు మూశారు.

"ఏ లైను ఎందుకో రాసినవాడికి తెలుస్తుంది," అన్నారు. తాళాలు చిన్నల్లుడి చేతిలో పెట్టారు. "మళ్ళీ రాయడానికి ఎంతసేపు?"

పది నిమిషాల పని.

"సాయంత్రం దాకా పడుతుందండీ," అన్నాడు చిన్నల్లుడు.

"అందాకా చలి ఎవరు చూస్తారు?"

"అన్నయ్య ఉన్నాడుగా. దుంపల గదిలో స్టూలేసుకుని, నిమిషానికోసారి డిగ్రీలు కేకేస్తే చాలు."

మావగారు స్టూలు తెప్పించారు.

చిన్నల్లుడు ఆఫీసులో కూర్చుని ముందు తన పేరు రాసుకున్నాడు. తర్వాత టీ తెప్పించుకున్నాడు. మందపాటి తలుపు వెనక నుంచి సన్నగా వినపడింది.

"నాలుగు..."

"వినపడలేదన్నయ్యా," అన్నాడు టీ ఊదుకుంటూ.