బల్ల తట్టే హక్కు

మా శుక్రవారం సెమినార్‌కి ఒక్కటే నియమం. చెప్పేవాడు తప్పు చెబితే వినేవాడు బల్ల మీద తట్టాలి. చెయ్యెత్తడాలూ, "క్షమించాలి" అంటూ నసగడాలూ కింద క్లాసుల్లో పెట్టుకోవచ్చు. పైన, పాత వర్క్‌షాపు మీది గదిలో, చప్పుడు వినపడగానే బోర్డు మీద సుద్దముక్క ఆగిపోవాల్సిందే. తట్టినవాడు లేచి తప్పేమిటో చెప్పాలి. వాడే పొరపాటు పడి ఉంటే ఆ సాయంత్రం అందరికీ గేటు దగ్గరి బండి మీద పకోడీలు వాడు కొనాలి. పరమాణువు లోపలి కణాల గురించీ, నక్షత్రాల గురించీ మా బాండుంగ్ ఊరు మొత్తంలో అంత నిజాయితీగా మాట్లాడుకున్న చోటు ఇంకోటి లేదని ఇప్పటికీ ఎవరితోనైనా పోట్లాటకి దిగుతాను.

టీచర్లని రానిచ్చేవాళ్లం కాదు. వాళ్లంటే పడక కాదు. వాళ్లు కూర్చుంటే ఎవడూ తట్టడు, అంతే.

ఈ నియమం పెట్టింది రెంగ్గనిస్ అక్క. నాకు సీనియర్. తట్టడంలో దయాదాక్షిణ్యాల్లేని మనిషి. నేను మొదటిసారి మాట్లాడిన రోజు ఒక్క వాక్యం పూర్తి చేయనిస్తే ఒట్టు. "ఏరా డడన్, ఆ ద్రవ్యరాశిని ఎక్కడ పారేసుకొచ్చావు? వ్యాన్‌లో మర్చిపోయి దిగావా?" అంది. గదంతా గొల్లుమంది. నాకు ఏడుపొచ్చింది. కానీ ఆ లెక్క నేను జన్మలో మళ్లీ తప్పలేదు.

అక్క థీసిస్ చచ్చిపోయే నక్షత్రాల మీద. పెద్ద నక్షత్రం కుప్పకూలినప్పుడు న్యూట్రినోలనే కణాలు కోట్లానుకోట్లు బయటపడతాయి. వాటిని భూగర్భంలో నీళ్ల తొట్లు కట్టి పట్టుకునే పని జపాన్‌లో జరుగుతుంది. అక్కడి ప్రొఫెసర్ హిరాయమకి అక్క తన పని గురించి రాసింది. ఆయన జవాబిచ్చాడు కూడా. మీ సెమినార్‌లో మాట్లాడు, తెర మీద వింటాను, నచ్చితే నా దగ్గర చదువుకి తీసుకుంటాను అని. మా దగ్గర ఆ పని నేర్పేవాళ్లు లేరు. అక్కకి ఉన్నది ఆ ఒక్క దారే.

వాన పడితే మా గదిలో ఇంటర్నెట్ పోతుంది. బాండుంగ్‌లో మధ్యాహ్నం వాన పడని రోజేది? అందుకని అక్క వెళ్లి డిపార్ట్‌మెంటు హెడ్ పాక్ సుహెర్లన్‌ని పెద్ద హాలు అడిగింది. పాక్ అంటే మా భాషలో 'సార్' లాంటిది. ఆయన చదువు భూకంపాలది. జపాన్ అనే మాట వినగానే ఆయన మొహం వెలిగిపోయింది.

ఆ తర్వాత అది మా సెమినార్ కాకుండా పోయింది. హాలు నిండా బ్యానర్. దాని మీద పాక్ సుహెర్లన్ ఫోటో నిలువెత్తున, అక్క పేరు అడుగున చీమంత. కుర్చీకో టిఫిన్ డబ్బా. వచ్చినందుకు సర్టిఫికెట్ కూడానట.

"ఇది సెమినారా, పెళ్లా అక్కా?" అన్నాను.

"నోర్మూసుకోరా. హాలిచ్చాడు, అది చాలు. ఆయన నాలుగు ముక్కలు మాట్లాడతాడు, తర్వాత బోర్డు నాదే."

జాతీయగీతం అయింది. ప్రార్థన అయింది. తెర మీద హిరాయమ ఓపిగ్గా కూర్చుని ఉన్నాడు. పాక్ సుహెర్లన్ మైకు అందుకుని, ఉన్నవాళ్లందరికీ పేరుపేరునా నమస్కారాలు పెట్టి, అతిథి కోసం ఇంగ్లిష్‌లోకి దిగాడు.

"మా విద్యార్థిని ఒక అద్భుతం కనిపెట్టింది! నక్షత్రం పేలితే న్యూట్రినోలు కాంతి కంటే ముందు మనల్ని చేరతాయి. అంటే ఏమిటి? అవి కాంతి కంటే వేగంగా పరిగెత్తుతాయన్నమాట!"

చప్పట్లు మోగిపోయాయి.

న్యూట్రినోలు ముందు చేరేది ముందు బయల్దేరతాయి గనుక. నక్షత్రం లోపల అవి దేనికీ చిక్కకుండా బయటికి వచ్చేస్తాయి. వెలుగు బయటపడాలంటే ఆ పేలుడు పైపొర దాకా రావాలి, దానికి గంటలు పడుతుంది. వేగంలో కాంతిని మించినది లేదు. ఇది మా గదిలో మొదటి వారం వచ్చినవాడికి కూడా తెలుసు.

ముందు కుర్చీ వీపు మీద గట్టిగా తట్టాను.

"ఎవరో వడ్రంగి పని చేస్తున్నట్టున్నారే!" అన్నాడు పాక్ సుహెర్లన్. హాలంతా నవ్వింది. నేను లేచి నిలబడ్డాను. అక్క నా వైపు తిరిగింది. కూర్చోరా, నీకు దణ్ణం పెడతాను అన్నట్టు చూసింది. ఆ మొహం చూసి కూర్చున్నాను.

తర్వాత అక్క బోర్డు దగ్గరికి వెళ్లింది. చెప్పింది, బాగానే చెప్పింది. కానీ వెలుగు ఆలస్యంగా ఎందుకు బయల్దేరుతుందో చెప్పే ముక్క దగ్గరికి రాగానే దాన్ని దాటేసి ముందుకెళ్లిపోయింది. ఆమె లెక్కకి ప్రాణం అదే. అది చెబితే పాక్ సుహెర్లన్ మాట అందరి ముందూ అబద్ధమైపోతుంది.

హిరాయమ ఒకే ప్రశ్న అడిగాడు. "కాంతి కంటే వేగం అన్నారు. అది మీ ఫలితమేనా?"

అక్క సుద్దముక్కని వేళ్ల మధ్య నలిపింది. "పాక్ సుహెర్లన్ గారు సులువైన మాటల్లో చెప్పారండీ," అంది.

"అలాగా," అన్నాడు ఆయన. ఇంకేమీ అడగలేదు. చివర్లో పాక్ సుహెర్లన్ జ్ఞాపికని తెరకి అందిస్తున్నట్టు నిలబడి ఫోటో తీయించుకున్నాడు.

మెట్ల మీద అక్కని నిలదీశాను. "తట్టాలని మాకు నేర్పింది నువ్వే కదా! నేను మాట్లాడుతుంటే ఎన్నిసార్లు తట్టలేదు?"

"నువ్వు నా తమ్ముడివిరా. ఆయన పెద్దాయన. రేపు నా వైవాలో ఎదురుగా కూర్చునేది కూడా ఆయనే. పరాయి దేశం మనిషి ముందు ఆయన పరువు తీసి నేను ఎక్కడికని పోను?"

"జపాన్‌కి పోయేదానివి."

అక్క టిఫిన్ డబ్బా నా చేతిలో పెట్టి వానలోకి వెళ్లిపోయింది.

మనసు ఆగక నేనే హిరాయమకి రాశాను. జరిగిందంతా వివరంగా, సిగ్గు విడిచి. రెండు ముక్కల్లో జవాబొచ్చింది. "మీరు చెప్పింది నిజమే కావచ్చు. కానీ నేను ఆమెనే అడిగాను కదా." తన దగ్గరి సీటు ఇంకెవరికో ఇచ్చేశాడు. ఆయన్ని తిట్టుకుందామని చూశాను, తిట్టు రాలేదు. అది తప్పని తెలియని పిల్లో, తెలిసీ అనలేని పిల్లో, ఎవరైతేనేం, ఆయనేం చేసుకుంటాడు?

తర్వాతి నెల అక్క వైవా. మమ్మల్ని వెనక కూర్చోనిచ్చారు. అక్క అన్నిటికీ చక్కగా సమాధానం చెప్పింది. ఆఖర్న పాక్ సుహెర్లన్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఈలోపు ఎవరో ఆయన చెవిలో వేసినట్టున్నారు.

"ఒక్క మాటమ్మా రెంగ్గనిస్. ఆ రోజు అతిథి ముందు కాంతి కంటే వేగం అన్న మాట వచ్చింది. చాలా పెద్ద తప్పు. డిపార్ట్‌మెంటు పరువు పోయింది. థీసిస్‌లోనైనా దాన్ని సరిదిద్దావా?"

ఆ థీసిస్‌లో ఆ తప్పు ఏనాడూ లేదు. నేను మొదటి చిత్తుప్రతి నుంచీ చదివినవాణ్ణి.

అక్క తల వంచుకుంది.

"సరిదిద్దాను పాక్. చెప్పినందుకు చాలా థాంక్స్."