పాముచెవుల మాస్టారు

మాస్టారు మైకుల మీది ఇనప జాలీలను ఒక్కొక్కటిగా విప్పి, స్పిరిట్‌లో తడిపిన గుడ్డతో తుడుస్తున్నాడు. వక్తల తుంపరలు ఎండి కట్టిన పొర, లిప్‌స్టిక్ మరక, ఒకదాంట్లో తెల్లగడ్డపు వెంట్రుక. తుడిచినదాన్ని దీపం దగ్గరకు ఎత్తి చూసుకుని, బిగించి, బల్ల మీద వరసలో పెడుతున్నాడు. ఆ సభామందిరంలో ఇరవై ఏడేళ్లుగా అతని పొద్దు ఇలాగే మొదలవుతోంది. సన్నటి మనిషి. మెడ కాస్త ముందుకు వంగి ఉంటుంది. తీగలు అతికే సోల్డరింగు వేడికి కాలీ కాలీ వేళ్ల చివర్లు నున్నగా మెరుస్తుంటాయి.

అందరూ అతన్ని పాముచెవుల మాస్టారు అంటారు. ఆ పేరు పెట్టింది అతని బావమరిది. వేదిక మీద ఫ్యానులో బేరింగు అరిగిందని ఆఖరి వరసలో కూర్చుని చెప్పేవాడు మాస్టారు ఒకప్పుడు. పదహారు మంది కలిసి పాడుతుంటే అందులో ఎవరికి జలుబు చేసిందో పసిగట్టేవాడు. "మా బావ ఉండగా గుసగుసలాడాలంటే పక్క ఊరెళ్లి ఆడుకోవాలి" అని బావమరిది అందర్నీ నవ్వించేవాడు. తీగలు పరవడం, మైకులు నిలబెట్టడం బావమరిది పని. పద్దెనిమిదేళ్లు ఇద్దరూ కలిసి చేశారు. ఇప్పుడు ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే మాస్టారు తల వంచుకుని దగ్గర్లో ఉన్న తీగేదో చుట్టడం మొదలుపెడతాడు.

తొమ్మిదింటికి స్పీకర్ల కంపెనీ అమ్మాయి వచ్చింది. కొత్త స్పీకర్లు నిన్ననే వేలాడదీశారు. ఇవాళ మైకుల శబ్దాన్ని సర్దే కొత్త మిక్సర్ బిగించాలి. పాతది మంచమంత ఉండేది, ఇది పీటంత ఉంది. దాంతోపాటు పలకలాంటి తెర ఒకటి ఇచ్చింది.

"మాస్టారూ, ఇక మీరు ఈ మిక్సర్ గదిలో కూర్చోనక్కర్లేదండీ. ఇది పట్టుకుని హాల్లో ఎక్కడికైనా వెళ్లొచ్చు. ఏ మూల ఎలా వినబడుతోందో అక్కడే నిలబడి సర్దుకోవచ్చు."

"బాగుందమ్మా" అన్నాడు మాస్టారు.

ఈ కొత్త సామాను రావడానికి కారణం అతనే. శబ్దం మరీ పదునుగా ఉంటోందని, చెవుల్లో సూదులు గుచ్చినట్టు ఉంటోందని నాలుగైదేళ్లుగా జనం అంటూనే ఉన్నారు. అన్న ప్రతిసారీ "స్పీకర్లు పాతవైపోయాయండీ" అని అతను మేనేజరు దగ్గర ఆ నేరం వాటి మీదకు నెట్టాడు. చివరికి స్పీకర్లే మారాయి.

అమ్మాయి హాలు మధ్యలో పెన్సిలంత సన్నటి మైకును నిలబెట్టింది. స్పీకర్లలోంచి రేకుల మీద వాన పడ్డట్టు ఒకటే చప్పుడు వదిలింది. గోడలు ఏ శబ్దాన్ని మింగుతున్నాయో, దేన్ని తిప్పికొడుతున్నాయో తెర మీద గీతగా కనబడుతోంది. ఆ తర్వాత పాత మిక్సర్ మీది గుర్తులను కాగితం మీద రాసుకోబోయి, సన్నటి కీచుస్వరాలను పెంచే మీటల దగ్గర ఆగిపోయింది.

"అయ్య బాబోయ్, ఎవరండీ ట్రెబులు ఇంత పైకి తిప్పింది? ప్రతి మైకుకీ ఇంతేనా? జనం ఎలా కూర్చునేవాళ్లండీ?"

మాస్టారు పాత మిక్సర్ అంచు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"ఇదివరకు ఒకతను ఉండేవాడమ్మా. అతని చేతి అలవాటు అది."

మాట నోరు దాటాక తెలిసింది, మళ్లీ అదే మనిషి మీద పెట్టానని. అమ్మాయి సరేనని తలూపి రాసుకుంది.

రెండేళ్ల కిందట ఒక సన్మానసభ జరిగింది. ఎనభై దాటిన పెద్దాయన శాలువా కప్పించుకుని వేదిక దిగుతుండగా మైకు కీచుమని కూసింది. హాలంతా చెవులు మూసుకుంది. మాస్టారికి మాత్రం ఏమీ వినబడలేదు. జనం చేతులు ఒక్కసారిగా తలల దగ్గరికి ఎందుకు లేచాయో అర్థం కాక అలాగే కూర్చున్నాడు. పెద్దాయన ఉలిక్కిపడి, మెట్టు తప్పి, ముందుకు పడ్డాడు. చెయ్యి విరిగింది. సాయంత్రం మేనేజరు పిలిచి నిలదీస్తే, "మావాడు మైకు స్పీకరుకి ఎదురుగా పెట్టాడండీ, ఎన్నిసార్లు చెప్పినా వినడు" అనేశాడు. బావమరిది పక్కనే ఉన్నాడు. మాస్టారి వంక ఒక్కసారి చూశాడు, చేతిలోని తీగచుట్ట కింద పెట్టి బయటికి నడిచాడు. మర్నాటి నుంచి పనిలోకి రాలేదు. ఆ తర్వాత ఇంటికీ రాలేదు.

"మాస్టారూ, ఇప్పుడు కావాలనే కూత తెప్పిస్తాను. మొదలవగానే చెప్పండి, ఈ మెషీను దాన్నెలా పట్టుకుంటుందో చూపిస్తా" అంది అమ్మాయి.

మైకు జోరు మెల్లగా పెంచుతోంది. మాస్టారు స్పీకర్ల వైపు చూడలేదు, అమ్మాయి ముఖంలోకి చూశాడు. రెండేళ్లుగా అతను వింటున్నది ముఖాలతోనే. ఆమె కనుబొమలు ముడిపడ్డాయి.

"ఆఁ, వచ్చింది!"

అమ్మాయి చెయ్యి ఆగింది. అతన్ని చూసింది. "అది కూత కాదండీ. కంట్లో ఏదో పడింది" అంది మెల్లగా.

అమ్మాయి తెరను అతని వైపు తిప్పింది. గొంతు కొంచెం పెంచి, ఒక్కో మాటా విడగొట్టి చెప్పింది: "ఇదిగోండి, కూత వచ్చే చోట ఈ ఎర్రగీత లేస్తుంది. దాన్ని మెషీనే నొక్కేస్తుంది. మీరు వినక్కర్లేదు. చూస్తే చాలు."

అతను ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు. ఎవరూ అలా నిదానంగా, జాలిగా అతనితో మాట్లాడి ఎరగరు. ఆమె కసురుకున్నా బాగుండేదనిపించింది.

అంతలో మేనేజరు వచ్చి మిక్సర్ చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. "దానంతటదే ఆపేస్తుందా? భలే! ఆ రోజు ఇది ఉండుంటే మీ బావమరిది ఉద్యోగం నిలబడేది కదా మాస్టారూ" అని నవ్వాడు. చెప్పేయాలని మాస్టారు నోరు తెరిచాడు. "అవునండీ" అన్న మాటే బయటకొచ్చింది. మేనేజరు వెళ్లేదాకా అమ్మాయి నేల చూస్తూ నిలబడింది.

మధ్యాహ్నం భార్య కట్టిచ్చిన క్యారియర్ విప్పకుండానే మాస్టారు బయటికి నడిచాడు. బావమరిది మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే కొట్టు మూడు వీధుల అవతల ఉంది. ఈ రెండేళ్లలో ఆ వీధి మీదుగా వెళ్లాల్సి వస్తే చుట్టూ తిరిగి వెళ్లేవాడు.

బావమరిది మోటారుకు రాగితీగ చుడుతున్నాడు. తలెత్తి చూసి, మళ్లీ తీగ వైపే తిరిగాడు. జుట్టు సగం నెరిసింది.

"కూర్చో బావా."

"కూర్చోనురా. ఒక మాట చెప్పిపోదామని వచ్చాను. ఆ రోజు మైకు నువ్వు సరిగ్గానే పెట్టావు. నాకే..." చెవి వైపు చెయ్యి ఎత్తాడు.

"తెలుసు."

"ఏంటి?"

"తెలుసు బావా" అని ఈసారి గట్టిగా అన్నాడు. "కూత మొదలవగానే నీ వెనక్కి పరిగెత్తుకొచ్చి కేకేశాను. నువ్వు తిరగలేదు. నేనే చెయ్యి జాపి ఆపాను. గుర్తులేదా?"

"మరి మేనేజరు ముందు ఎందుకు చెప్పలేదురా?"

"నీ ఉద్యోగం పోతే మా అక్క ఏమైపోవాలి? నేనంటే ఎక్కడో ఒకచోట చేసుకుతింటాను." తీగ తెంపాడు. "అక్కకీ తెలుసు. ఎప్పుడు చూసినా నీకు ఎడమపక్కనే నడుస్తుంది, గమనించలేదా? అటు చెవి కాస్త నయమని."

మాస్టారు కొట్టు గుమ్మం పట్టుకున్నాడు. కొన్నేళ్ల కిందట భోజనాల దగ్గర భార్య చోటు మార్చిన సంగతి అప్పుడు తట్టింది. కిటికీ గాలి కోసమని చెప్పింది.

"పనిలోకి రారా. నేను చెబుతాను వాళ్లకి."

"రాను బావా. ఇది చేతికి పట్టుబడింది." మోటారు పక్కన పెట్టి, మొదటిసారి సూటిగా చూశాడు. "కానీ ఒక్కమాట. ఏడాది పాటు గుమ్మంలో నీడ పడినప్పుడల్లా నువ్వేననుకున్నాను. ఒక్కసారి వస్తావనుకున్నాను. తర్వాత చూడ్డం మానేశాను."

మాస్టారు గుమ్మం వదిలాడు. మెట్టు దిగి వీధిలోకి వచ్చాక ముఖం తుడుచుకున్నాడు.

నాలుగింటికి ఉపాధ్యాయుల సభ మొదలైంది. మాస్టారు పలక పట్టుకుని హాల్లో తిరిగాడు. ఇరవై ఏడేళ్లలో మొదటిసారి జనం మధ్య నిలబడి పని చేశాడు. ఎర్రగీత రెండుసార్లు లేచింది, దానంతటదే అణిగింది. ఎవరూ చెవులు మూసుకోలేదు. ముందు వరసలో ఒక ముసలావిడ, "ఇవాళ ప్రతి మాటా హాయిగా వినబడిందయ్యా" అంది వెళ్తూ వెళ్తూ. అతను చేతులు జోడించి, ఆవిడ ముఖం చూడకుండా పక్కకు తప్పుకున్నాడు.

ఆరింటికి హాలు ఖాళీ అయింది. మాస్టారు కొత్త మిక్సర్ మీద గుడ్డ కప్పాడు. పలక తెచ్చి అమ్మాయి చేతిలో పెట్టాడు.

"రేపు ఎన్నింటికి వస్తారు మాస్టారూ? ఇంకో రెండు పద్ధతులు చూపించాలి మీకు."

"పొద్దున మేనేజరుగారు ఎవర్నైనా పంపుతారమ్మా. వాళ్లకి చూపించు. ట్రెబులు తిప్పింది నేనే. అతను కాదు."

అమ్మాయి ఏదో అంది. అతనికి వినబడలేదు. అడగలేదు కూడా. తలూపి మెట్లు దిగి వెళ్లిపోయాడు.

మేనేజరు అతిథుల్ని సాగనంపడానికి వెళ్లి ఇంకా రాలేదు. అతని గదిలో బల్ల మీద ఒక ఉత్తరం, దాని మీద బరువుగా తాళాలగుత్తి ఉన్నాయి. ఉత్తరంలో నాలుగే వాక్యాలు. సన్మానసభ రోజు తప్పు నాది, మా బావమరిదిది కాదు అన్నది మొదటిది. ఫ్యాను గాలికి ఉత్తరం అంచు లేచినప్పుడల్లా కింద గుచ్చిన కాగితం కనబడుతోంది. అది చెవుల ఆసుపత్రిలో వినికిడి పరీక్ష చేసి ఇచ్చిన చీటీ. చెవికొకటిగా రెండు గీతలు కాగితం ఎడమ అంచు నుంచి బయల్దేరి, సగం దాకా సమంగా నడిచి, అక్కణ్ణించి నిటారుగా కిందికి జారిపోయాయి. పైమూల నీలిసిరాతో ముద్ర వేసిన తేదీకి నాలుగేళ్లు నిండాయి.