మార్చి ఒకటి నాటి కౌలు కాగితం

2021 ఫిబ్రవరిలో మా ఊరి చర్చి కింది హాల్లో నలభైమంది రైతులని కూర్చోబెట్టి ఉపన్యాసం దంచాను. వాషింగ్టన్‌లో ప్రభుత్వం మారింది. వారసత్వం మీదా, దానాల మీదా పన్ను పెరుగుతుందని అయోవా అంతటా ఒకటే గోల. ఆ పన్నుని ఆగస్టులో పుట్టించి జనవరి ఒకటి నుంచే అమలన్నా అనొచ్చని నేను చెప్పాను.

ముందు వరసలోంచి ఆర్డెన్ బుస్కోల్ చెయ్యెత్తాడు. డెబ్భై తొమ్మిదేళ్ల మనిషి, ఆరువందల ఎకరాలు, భార్య పోయింది, ఒక్కడే కొడుకు.

"ఏమ్మా లాయరమ్మా, ఫిబ్రవరిలో నేనిచ్చినదాన్ని ఆగస్టులో పుట్టిన చట్టం వచ్చి పట్టుకుంటుందా? మరి రాజ్యాంగం ఏం చేస్తున్నట్టు, గాడిదలు కాస్తోందా?"

హాలంతా ఘొల్లుమంది. నాకు ఊపొచ్చింది. వందేళ్ల కిందట దానాల పన్ను కొత్తగా పెట్టినప్పుడు, వెనకటి దానాలకి అది చెల్లదని సుప్రీంకోర్టు కొట్టేసింది. తర్వాత మెత్తబడింది. కారణం సబబుగా ఉండి, మరీ వెనక్కి పోకపోతే చెల్లుతుందంది.

"ఇంతకీ చెల్లుతుందా, చెల్లదా?"

"కోర్టు కాపాడుతుందని మాత్రం గుండె మీద చెయ్యేసుకుని పడుకోకండి, ఆర్డెన్ గారూ."

అసలు ఆ చట్టం వస్తుందని నాకే నమ్మకం లేదు. ఆ ముక్క మాత్రం నోట్లోనే ఉంచుకున్నాను. భయపడ్డవాడు త్వరగా సంతకం పెడతాడు, ఇరవయ్యేళ్లుగా నేను చూస్తున్నదే. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ నిజం అదే.

మర్నాడే ఆర్డెన్ వచ్చాడు. పన్ను పెరగకముందే పొలం కొడుకు రాయిస్ పేర దానం రాయించాను. చట్టం వెనక్కి వర్తిస్తే తప్పించుకునే దారి కూడా పెట్టాను. తొమ్మిది నెలల్లోపు రాయిస్ 'నాకొద్దు' అని రాసిస్తే పొలం అసలివ్వనట్టే తండ్రికి తిరిగొస్తుంది. ఒకటే షరతు, ఆలోగా రాయిస్ యజమానిగా దాన్ని వేలితో కూడా ముట్టుకోకూడదు. ఆ షరతు వాళ్లిద్దరికీ వేలు చూపించి మరీ చెప్పింది నేనే.

మా వైపు కౌళ్లన్నీ మార్చి ఒకటినే మారతాయి. ఏటా ఫిబ్రవరి చివర్లో నా ఆఫీసునుంచి కౌలు కాగితాలు కట్టలకొద్దీ వెళ్తాయి. ఆ ఏడు బుస్కోల్ పొలం కాగితం మీద యజమాని పేరు 'ఆర్డెన్' కొట్టేసి 'రాయిస్' అని నా చేత్తో మార్చి పంపాను. ఎంత జాగ్రత్తపరురాలినో అని మురిసిపోయాను కూడా. రాయిస్ సంతకం పెట్టాడు, కౌలుదారు దగ్గర కౌలు డబ్బు తీసుకున్నాడు.

అక్టోబరు చివర్లో చట్టం లేదని తేలిపోయింది. ఆర్డెన్ పరుగున వచ్చాడు, వెనకాలే రాయిస్.

"వాడు వద్దని రాసిచ్చేస్తాడట. నా పొలం నాకిప్పించెయ్యమ్మా. ఆ మట్టి నా పేరన లేకపోతే పొద్దున్నే దేనికి లేవాలో తెలియట్లేదు."

"ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడతా సంతకం," అన్నాడు రాయిస్.

ఫైలు తెరిచాను. కౌలు కాగితం పైనే ఉంది. యజమానిగా కౌలు డబ్బు తీసుకున్నవాడు ఇక వద్దంటే చెల్లదు. నాకు తల కొట్టేసినట్టయింది. ఒక్క వారం ఆగమని వాళ్లని పంపించేశాను. 'తప్పు నాది' అని వాళ్ల మొహం మీద చెప్పొచ్చుగా? చెప్పలేదు. వారం తర్వాత ఆర్డెన్‌కి ఉత్తరం రాశాను. 'మీ అబ్బాయి యజమానిగా కౌలు డబ్బు తీసుకున్న కారణంగా తిరస్కరణ వీలుపడదు.' ఒక్క అబద్ధం లేదు అందులో. ఛీ, అబద్ధమే నయం.

కొడుకు తనకి తెలియకుండా ముందే చేజిక్కించుకున్నాడనుకున్నాడు ముసలాయన. ఆ రోజునుంచి వాడితో మాట్లాడటం మానేశాడు. రెండేళ్లపాటు ప్రతి ఆదివారం చర్చిలో తండ్రి ఎడమ బెంచీలో, కొడుకు కుడి బెంచీలో. నేను వాళ్ల వెనక కూర్చుని పాటలు పాడాను. ఈసారి చెప్పేద్దాం అనుకోవడం, బయటికొచ్చి కారెక్కెయ్యడం.

మొన్న మార్చిలో ఆర్డెన్ పోయాడు. ఖననం అయ్యాక అదే హాల్లో భోజనాలు. రాయిస్ హామ్ శాండ్‌విచ్ చేత్తో పట్టుకుని, తినకుండా గోడవారన నిలబడ్డాడు. వెళ్లి చెప్పాను, కౌలు కాగితం పంపింది నేనే, తప్పు నాదే అని.

"తెలుసు," అన్నాడు. "కవరు మీద మీ ఆఫీసు ముద్రే కదా ఉంది."

"మరి నాన్నకి చెప్పలేదేం?"

"ఉత్తరం వచ్చిన రోజే చెప్పాను. చేసిందంతా చేసి పాపం ఆవిడ మీదికి తోస్తావురా అని తిట్టాడు. ఆవిడ తప్పు చేస్తే ఆవిడే వచ్చి చెప్తుంది, అలాంటి మనిషి ఆవిడ అన్నాడు."

శాండ్‌విచ్ నా చేతిలో పెట్టి, వచ్చినవాళ్లని పలకరించడానికి వెళ్లిపోయాడు.